జీతమున్న పిల్ల

పోయిన వారం భవానిని సాక్షి బోనులో నిలబెట్టి, అవతలి వకీలు సుధాకర్ గొంతు సవరించుకుంటుండగా మనం పత్రిక మూసి మన పనుల్లో పడ్డాం. మనకేం, కూరలు తెచ్చుకున్నాం, బస్సులెక్కాం, నిద్రపోయాం. ఆ పిల్ల మాత్రం వారం రోజులుగా ఆ బోనులోనే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతుంటాయి పాపం. కనుక మరిచిపోయినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పేసి త్వరగా లోపలికి పోదాం.

భవానిది మిరుదొడ్డి. ఇరవై రెండేళ్ళు. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే తాత రాజమల్లయ్య తాళ్ళెక్కి కల్లు గీసి పెంచాడు. పచ్చళ్ళ కంపెనీలో సీసాలకు మూతలు పెట్టే పని, తిండీ గదీ వాళ్ళవే అని చెప్పి చిరంజీవి అనే ఏజెంటు ఆమెను పక్క రాష్ట్రానికి తీసుకుపోయాడు. ముసలాయన చేతిలో కొంత అడ్వాన్సు కూడా పెట్టాడు. అక్కడికి చేరిన రోజే ఫోను లాక్కున్నారు, ఆధార్ కార్డు లాక్కున్నారు, గేటుకు బయటి నుంచి తాళం వేశారు. రెండేళ్ళు ఆమె ఆ తాళానికి అవతలి వైపు చూడలేదు. చివరికి ఒక వాన పొద్దున ఎల్లవ్వ అనే నలభై ఏళ్ళ మనిషి భవానిని తన భుజాల మీద నిలబెట్టుకుని గోడ దాటించింది. అంతలోకే కాపలావాడు వచ్చాడు. ఎల్లవ్వ లోపలే ఉండిపోయింది.

ఈ రోజుకూ లోపలే ఉంది. ఆ రాష్ట్రం అధికారులు ఒకసారి వెళ్ళి చూసొచ్చారు. హాజరు పుస్తకం ఉంది, జీతాల పుస్తకం ఉంది, ఇది మామూలు ఉద్యోగమే అని రాసి పంపారు. సిద్దిపేట కోర్టు ఇది ఉద్యోగం కాదు, చెర అని తేలిస్తే మళ్ళీ ఆ గేటు తడతారట, లేకపోతే లేదట. కేసు కాగితాల మీద మనుషుల అక్రమ రవాణా అని ఉంటుంది, నిందితుడు చిరంజీవి అని ఉంటుంది. ఎల్లవ్వ పేరు ఎక్కడో పదిహేడో పేజీలో ఉంటుంది. భవాని మాత్రం ఆ పదిహేడో పేజీ కోసమే బోనెక్కింది.

ఇక సుధాకర్. ఆయన కేకలేసే రకం కాదు. పాతికేళ్ళ ప్రాక్టీసు, తొగుటలో పెద్దింటి బిడ్డ, ఇస్త్రీ చెదరని నల్లకోటు. సాక్షిని పడగొట్టేముందు కుర్చీ వేసి కూర్చోబెట్టే మర్యాద ఆయనది.

"అమ్మా భవానీ, మంచినీళ్ళు తాగుతావా?" అన్నాడు.

"వద్దు సారూ."

"నీ ఫిర్యాదులోంచి ఒక్క వాక్యం చదువుతాను, విను. 'నేను అక్కడ రెండు సంవత్సరాలు జీతం మీద ఉన్నాను.' ఇది నువ్వు చెప్పిన మాటేనా?"

"అవు సారూ. జీతమున్న."

"నిన్నెవరూ బెదిరించి చెప్పించలేదు కదా?"

"ఎవలు బెదిరిస్తరు సారూ? ఉన్నదే జెప్పిన. రెండేండ్లు జీతమున్న."

"అంటే కంపెనీ నిన్ను జీతానికి పెట్టుకుంది."

"జీతమే ఉంచిన్రు సారూ. గదే గద నేను మొదటిసంది మొత్తుకునేది."

భవాని ఈ మాట తల ఎత్తి, గట్టిగా, వెనక బెంచీ దాకా వినపడేటట్టు చెప్పింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ రోజారాణి చేతిలో పెన్ను ఆగిపోయింది. సుధాకర్ జడ్జి గారి వైపు తిరిగి కొంచెం తల వంచాడు. అంతకంటే ఆయన చేయాల్సిన పని లేదు. జడ్జి గారిది గోదావరి వైపు, సిద్దిపేటకు వచ్చి మూడు నెలలయింది. ఆయన విన్నది విన్నట్టే ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పారు: తాను జీతం తీసుకునే ఉద్యోగినని సాక్షి ఒప్పుకున్నది.

"నాకు వేరే ప్రశ్నల్లేవు," అన్నాడు సుధాకర్.

నిందితుల బెంచీ మీద చిరంజీవి కాలు మీద కాలేసుకుని, మళ్ళీ కోర్టని గుర్తొచ్చి దించుకున్నాడు. భవాని బోను దిగి నేరుగా ప్రసూన దగ్గరికి వచ్చింది. పరీక్ష బాగా రాసిన పిల్ల మొహం ఉంది ఆమెది.

"మంచిగ జెప్పిన గద అక్కా?" అంది.

ప్రసూన ఈ కథకు నాయిక. నాయిక తప్పు చేస్తే వెనకేసుకురావడం రాసేవాడి ధర్మం. కానీ ఈ వారం అది నా వల్ల కాదు, ఎందుకంటే ఆ ఫిర్యాదు రాసింది తనే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, లా పూర్తి చేసింది, వచ్చే నెలలో వకీలుగా పేరు నమోదు చేయించుకోబోతోంది. ఈ లోపల న్యాయ సేవా సంస్థలో వాలంటీరుగా, రాయడం రానివాళ్ళకు ఫిర్యాదులు రాసిపెడుతోంది. పుట్టింది సిద్దిపేటలో, పెరిగింది సిద్దిపేటలో, కోమటిచెరువు గట్టు మీద సైకిలు నేర్చుకుంది. నోరు విప్పితే మాత్రం ఎక్కడి మనిషో చెప్పలేం. ఏడో తరగతిలో "మా బాపు అచ్చిండు" అన్నందుకు సారు ఆమెను పీరియడంతా బెంచీ మీద నిలబెట్టాడు, క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి ఆ భాషను చెప్పులతో పాటు ఇంట్లోనే వదిలి బయటికి వస్తోంది. జిల్లా వక్తృత్వ పోటీలో వరసగా మూడేళ్ళు మొదటి బహుమతి. తన తెలుగంటే ఆమెకు ఎంత గర్వమో చెప్పలేను.

మధ్యాహ్నం విరామంలో కోర్టు ఆవరణలో సైకిల్ స్టాండు పక్కన అరుగు మీద కూర్చున్నారు ముగ్గురూ. రాజమల్లయ్య గుడ్డ మూట విప్పి సర్వపిండి తుంచి పెట్టాడు. అరవై ఏడేళ్ళ మనిషి, తాటిచెట్లు ఎక్కిన కాళ్ళు ఇంకా చువ్వల్లా ఉన్నాయి. కోర్టుకని తెల్లటి ధోవతి, భుజాన ఉతికిన తువ్వాల.

ప్రసూన ముట్టలేదు. "భవానీ, ఎందుకలా ఒప్పుకున్నావు? ఆయన ఏమడిగాడో నీకు అర్థమైందా అసలు?"

"జీతమున్నవా అన్నడు. ఉన్న అన్న."

"ఒక్క మాటతో కేసు పోయిందమ్మా. అది ఉద్యోగమని నువ్వే చెప్పినట్టయింది."

భవాని తాత వైపు చూసింది. రాజమల్లయ్య సర్వపిండి ముక్కను గుడ్డ మీద పెట్టాడు.

"ఒప్పుకునుడేంది బిడ్డా? ఉన్న మాట జెప్పింది పిల్ల."

"జీతం తీసుకున్నానని చెప్పింది తాతా."

"తీస్కున్నననలేదు. జీతమున్న అన్నది."

"రెండూ ఒకటే కదా?"

ముసలాయన ఆమెను తేరిపార చూశాడు. సిద్దిపేట పిల్లే కదా, ఎగతాళి చేస్తోందా అని ఒక క్షణం అనుమానపడ్డాడు. కాదని తేలాక నెమ్మదిగా చెప్పాడు.

"రెండొకటెట్లయితయి బిడ్డా? జీతం తీస్కునేటోడు పొద్దుమీకితే ఇంటికి పోతడు. జీతమున్నోడు పోడు."

ప్రసూన ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"నాకు తొమ్మిదేండ్లప్పుడు మా నాయిన నన్ను తొగుటల ఒక పటేలింట్ల జీతముంచిండు," అన్నాడు రాజమల్లయ్య. "కరువు కాలం. ఇన్ని జొన్నలు తెచ్చుకున్నడు, నన్ను అప్పజెప్పిండు. దొడ్లె పసులకాడనే పండుడు. మా అవ్వకు పానం బాగలేదని తెలిసినా పటేలు ఊ అంటెనే పోవాలె, లేకుంటే లేదు. పన్నెండేండ్లున్న. గా దినాలల్ల ఊరికి పదిమందిమి ఉండేటోళ్ళం జీతగాండ్లం. గిప్పుడెవలు లేరు, గందుకే మీకు మాట ఎరుకలేదు."

"ఈ మాట నీకెట్లా తెలుసు?" అని ప్రసూన భవానిని అడిగింది.

"చిన్నప్పటిసంది తాత కథలన్నీ గవే గదక్కా. గోడ దుంకి ఇంటికొచ్చిన్నాడు, ఏమైంది బిడ్డా, ఏడున్నవ్ గిన్నొద్దులు అని అడిగిండు. నీ లెక్కనే జీతమున్న తాతా అన్న. ఇగ తాత మల్ల ఏమడగలేదు."

ప్రసూన సంచీలోంచి నోటుబుక్కు తీసింది. ఫిర్యాదును సాపు చేసే ముందు భవాని చెబుతుంటే గబగబా రాసుకున్న పేజీ వెతికింది. తారీఖు ఉంది. కింద భవాని మాటలు ఉన్నాయి. నాలుగో వరసలో "నేనాడ రెండేండ్లు జీతమున్న" అని ఉంది. దాని మీద ఎర్ర పెన్నుతో గీత, పక్కన తన గుండ్రటి అక్షరాల్లో "జీతం మీద ఉన్నాను."

ఆ గీత కొట్టిన నిమిషం ఆమెకు బాగా గుర్తుంది. పాపం ఈ అమ్మాయికి వాక్యం కూడా సరిగ్గా రాదు, కర్త ఉంది, క్రియ ఉంది, మధ్యలో ఏదో తప్పిపోయింది, సరిచేద్దాం అనుకుంది. రెండేళ్ళ చెరను ఒక ఎర్ర గీతతో ఉద్యోగం చేసేసింది. చిరంజీవి లక్షసార్లు ప్రయత్నించినా చేయలేని పని, ఆమె జాలితో చేసిపెట్టింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఏడో తరగతిలో బెంచీ మీద నిలబడ్డ రోజు కూడా అంత సిగ్గుపడలేదు.

రోజారాణి టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని అటే వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, ఎక్కువ మాట్లాడదు. ప్రసూన నోటుబుక్కు ఆమె ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది. రోజారాణి ఎర్ర గీతను ఒకసారి చూసింది, నల్ల సిరాను రెండుసార్లు చూసింది.

"మధ్యాహ్నం సాక్షివి నువ్వే గద? ఫిర్యాదు రాసినామె."

"అవును మేడం."

"బోనెక్కి గీ మాట చెప్తవా?"

"చెప్తే... వచ్చే నెల నేను ఇదే కోర్టులో, ఇదే జడ్జి గారి ముందు వకీలుగా నిలబడాలి మేడం. క్లయింటు మాట అర్థం కాక తప్పు రాసిందని రికార్డులో ఉంటుంది. నా పేరుతో."

"ఉంటది," అంది రోజారాణి. "నేను చెప్పుమనను, వద్దనను. నాకు లైబ్రరీల చిన్న పనుంది." డబ్బా ప్రసూన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రాజమల్లయ్య మూట కడుతూ, "బిడ్డా, గీ వకీలు సాబుది తొగుటనేనా?" అని అడిగాడు.

"అవును తాతా. తెలుసా మీకు?"

"నర్సింగరావు పటేలోళ్ళింటి పిల్లగాడేమో అనుకున్న. ఆ ముక్కు వాళ్ళదే," అన్నాడు. ఆ తర్వాత కోర్టు గంట కొట్టేదాకా తువ్వాల మడత విప్పుతూ, మళ్ళీ పెడుతూ కూర్చున్నాడు.

రెండున్నరకు ప్రసూన బోనెక్కింది. రోజారాణి నోటుబుక్కు ఆమె చేతికిచ్చింది.

"ఫిర్యాదుల ఉన్న 'జీతం మీద ఉన్నాను' అనే మాట ఎవరిది?"

"నాది," అంది ప్రసూన. "సాక్షి చెప్పిన మాట వేరు. ఆమె 'జీతమున్న' అంది. నేను దాన్ని తప్పనుకుని దిద్దాను. దిద్దకముందు రాసుకున్న పేజీ ఇది."

జడ్జి గారు పేజీ తీసుకుని చూశారు. సుధాకర్ కూడా చూశాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది గానీ, పాతికేళ్ళ ప్రాక్టీసు దాన్ని వెంటనే సర్దేసింది. క్రాస్‌కు లేచాడు.

"ప్రసూన గారూ, జిల్లా వక్తృత్వ పోటీలో మీకు మొదటి బహుమతి వచ్చింది కదా?"

"వచ్చింది. మూడుసార్లు."

"తెలుగులోనేనా?"

"తెలుగులోనే."

"అంత తెలుగు వచ్చిన మీకు, జీతం అనే చిన్న మాట అర్థం కాలేదంటారు. కేసు చెడిపోతోందని తెలిశాక, భోజన విరామంలో కొత్త అర్థం దొరికిందంటారు."

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఏడో తరగతి క్లాసు మళ్ళీ నవ్వినట్టే వినిపించింది ప్రసూనకు. ఆమె బోను కర్రను గట్టిగా పట్టుకుంది. భవాని వైపు చూసింది. తర్వాత పన్నెండేళ్ళుగా ఇంట్లోనే వదిలి వస్తున్న గొంతుతో మాట్లాడింది.

"ప్రైజొచ్చిన తెలుగు నాకు మంచిగనే వస్తది సార్. మా తాతల తెలుగే రాదు. వస్తే గా గీత గియ్యకపోతుంటి. అర్థం కొత్తది కాదు సార్, పాతదే. నాకే కొత్త."

ఎవరూ నవ్వలేదు. రోజారాణి తలొంచుకుని కాగితాలు సర్దుకుంటూ ఉంది గానీ, ఆమె పెదవుల చివర నవ్వు నాకు కనపడింది. ప్రసూన బోను దిగేటప్పుడు, ఎక్కినప్పటి కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉంది. బహుమతులు తీసుకున్న మూడుసార్లూ ఆమెకు ఆ ఎత్తు రాలేదు.

సుధాకర్ జడ్జి గారితో అన్నాడు: "సార్, ఏ నిఘంటువు తీసినా జీతం అంటే జీతమే. ఒక అమ్మాయి భావోద్వేగంతో వేరే అర్థం చెబితే చట్టం మారదు."

"చట్టం మార్చక్కర్లేదు సార్," అంది రోజారాణి. "చదివితే చాలు." లైబ్రరీ నుంచి తెచ్చిన పల్చటి పుస్తకం బెంచీ గుమాస్తాకు ఇచ్చింది. పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. "నిర్వచనాల పేజీ సార్. అడ్వాన్సు తీసుకుని మనిషిని కదలనీయకుండ పని చేయించుకునుడు దేశంల ఎక్కడెక్కడ ఏ పేరుతో ఉన్నదో, ఆ పేర్లన్ని వరసగ ఉన్నయి. పైకి చదువున్రి."

జడ్జి గారు కళ్ళద్దాలు సవరించుకుని చదివారు. పేర్లు చాలా ఉన్నాయి, ఒక్కో పేరు ఒక్కో మూల నుంచి. "హాలి, హరి, హర్వాయ్, హోల్య, జన..." ఆయన ఆగారు. దగ్గరగా పెట్టుకుని చూశారు. "జీత," అన్నారు.

వెనక బెంచీ మీద రాజమల్లయ్య తువ్వాల భుజం మీంచి జారింది. తీసుకోలేదు.

సుధాకర్ తొందరపడలేదు. ఆయన తెలివిగల మనిషి, నేను ముందే చెప్పాను. "ఉంది సార్, కాదనను. కానీ అది కన్నడ ప్రాంతపు మాట. అక్కడ ఆ అర్థం ఉంది. సిద్దిపేట జిల్లాలో జీతం అనే మాటకు ఆ అర్థం ఉందని రుజువేది?"

జడ్జి గారు పుస్తకం కింద పెట్టి రోజారాణిని చూశారు. "న్యాయమైన ప్రశ్నే."

"ప్రాంతీయ పదానికి అర్థం తేల్చుకోవడానికి సాక్ష్యం తీసుకోవచ్చని సాక్ష్య చట్టమే చెప్తది సార్. కోర్టుల ఉన్న ఏ మనిషినైనా అప్పటికప్పుడు పిలిచి విచారించే అధికారం మీకున్నది. మనిషి ఉన్నడు. వెనక బెంచీ మీద కూసున్నడు."

రాజమల్లయ్య లేచాడు. తువ్వాల తీసి, దులిపి, మడత మళ్ళీ సరిచేసి భుజాన వేసుకున్నాడు. తాటిచెట్టు ఎక్కే మనిషి నడక, ఆత్రం లేదు, ఆగడం లేదు. ప్రమాణం చేశాక పేరు అడిగారు.

"రాజమల్లయ్య," అన్నాడు. "ఎవలన్న మల్లిగాడు అని చెప్పుంటే అది కాదు సారూ. రాజమల్లయ్య."

"రాజమల్లయ్య గారూ, మీ ఊళ్ళో జీతమున్నాడు అంటే ఏమిటి?" అని జడ్జి గారే అడిగారు.

"నన్ను జూడున్రి సారూ. తొమ్మిదేండ్లకు దొడ్లెకు తోలిన్రు. ఇరవై ఒక్కేండ్లకు బయటికొచ్చిన. నడుమ మా అవ్వ సచ్చిపోతే పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చిన, బర్లు పిండాలె గద. గంతే సారూ జీతముండుడంటే. పని కష్టమని కాదు. పని నేను గిప్పటికీ చేస్త. పోతనంటే పోనియ్యరు సూడు, గది."

టైపిస్టు వేళ్ళు ఆగకుండా కదులుతున్నాయి.

"ఒక మాట అడుగొచ్చా సారూ?" అన్నాడు రాజమల్లయ్య.

"అడగండి."

"ఢిల్లీల రాసిన పుస్తకంల మా మాట నిజంగ ఉన్నదా?"

"ఉంది. యాభై ఏళ్ళవుతోంది."

ముసలాయన వేళ్ళ మీద ఏదో సరిచూసుకున్నాడు. "ఎమర్జెన్సీ ఎత్తేసినంక గూడ నేను రెండేండ్లున్న సారూ. గప్పటికే వచ్చెనా గీ పుస్తకం?"

జడ్జి గారు పుస్తకం మొదటి పేజీకి తిప్పి తేదీ చూశారు. "వచ్చింది," అన్నారు.

"ఎవలు జెప్పలే," అన్నాడు రాజమల్లయ్య. కోపంగా అనలేదు. కొంచెం సేపు ఆ పల్చటి పుస్తకాన్ని చూస్తూ ఉన్నాడు. "నాకు జెప్పేటోళ్ళు లేకుండె. నా మనుమరాలు ఎవలు జెప్పకుండనే గోడ దుంకింది. గా మాట తనే తెచ్చి మీ ముందల పెట్టింది. రాసుకోన్రి సారూ గది గూడ." ఆ గొంతులోని గర్వం దాచుకోవాలని ఆయన ప్రయత్నించలేదు. భవాని చున్నీతో కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుని మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"ఎవరింట్లో ఉన్నారు మీరు?" అని అడిగారు జడ్జి గారు.

"తొగుటల సారూ. నర్సింగరావు పటేలింట్ల. మరీ చెడ్డోడు గాదు, తిండి కడుపునిండ పెట్టేది. ఆయినకు ఆరేండ్ల మనుమడుండె. వాన పడితే బడికి నడువకపోయేది. నా భుజాల మీదనే తీస్కపోయేది, గీ తువ్వాలసుంటి తువ్వాల నెత్తిమీద కప్పి." రాజమల్లయ్య సుధాకర్ వైపు చూశాడు. చూసి, మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

రోజారాణి కూర్చుంది. జడ్జి గారు అన్నారు, "సుధాకర్ గారూ, క్రాస్ చేస్తారా?"

సుధాకర్ లేచాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పాతికేళ్ళలో ఆయన ప్రశ్న అడగడానికి అంత సమయం తీసుకోవడం ఆ కోర్టులో ఎవరూ చూడలేదు. వెనక నుంచి చిరంజీవి సన్నగా, "సార్, ముసలోడు అబద్ధాలాడుతుండు, అడుగున్రి," అన్నాడు. ఆ మాట సుధాకర్ విన్నాడో లేదో తెలియదు.

"ఒక్కటే ప్రశ్న," అన్నాడు. అప్పటిదాకా కోర్టులో వినని గొంతది, తొగుట గొంతు. "మల్లన్నా, మా తాతింట్ల నువ్వు జీతం మీద ఉన్నవా, జీతమున్నవా?"

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. ఆమె తలెత్తి జడ్జి గారిని చూసింది. "సార్, రెండు మాటలూ ఒకటే కదా. ఇంగ్లీషులో ఎలా కొట్టమంటారు?"

జడ్జి గారు సుధాకర్‌ను చూస్తూనే జవాబిచ్చారు. "ఒకటే అయితే ఆయన రెండుగా అడగరమ్మా. ఇంగ్లీషు వద్దు. అన్నది అన్నట్టు తెలుగులోనే కొట్టు."

అప్పుడు చిరంజీవి లేచి నిలబడ్డాడు. బెంచీ వెనక్కి పడింది. "ఆపున్రి సారూ. నాకు గీ వకీలొద్దు. ఇప్పుడే తీసేస్తున్న. ఆయిన అడిగింది రాయొద్దు."

కోర్టు గుమాస్తా లేచాడు, పోలీసు ఇద్దరు అటు కదిలారు, రోజారాణి ఏదో చెప్పబోయింది. జడ్జి గారు చెయ్యెత్తారు. ఆ ప్రశ్న రికార్డులో ఉంటుందా, ఉండదా అన్నది ఆయన నోట్లోంచి ఇంకా రాలేదు.

రాజమల్లయ్య మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. అడిగినవాడి కళ్ళలోకి చూసి, వెనక బెంచీ దాకా వినపడేటట్టు చెప్పాడు.

"జీతమున్న సుధాకరూ."